విశ్వాసమునకు లెక్క కావలెను

(నరసరావుపేటలో పఠనమందిరపు సభయందు చేసిన ఉపన్యాసపు పాఠము)



ప్రజల ఆరోగ్యమును, వారు పీల్చు గాలిని, త్రాగు నీటిని కాపాడుట ప్రభుత్వాధికారుల విధి యని మన చట్టములన్నియు చెప్పుచున్నవి. ఆ విధిని వారు నెరవేర్చుచున్నారని జనులు నమ్ముచున్నారా? నమ్మనిచో తప్పెవరిది? నమ్మవలసినచో దేనిని చూచి నమ్మవలెను? ఈ మూడు ప్రశ్నలను నేడు మీ సన్నిధిని విచారింపదలచితిని. ఒక పక్షమును పొగడుటకు గాని, మరియొక పక్షమును దూషించుటకు గాని ఈ ప్రసంగము కాదు. గద్దెపై నెవరు కూర్చున్నను, మన కుండలోని నీరు మన కుండలోనే యుండును.

పలనాటివారికి నీటి విలువను ఒకరు చెప్పవలసిన పనిలేదు. శ్రీనాథ మహాకవి ఈ సీమకు వచ్చి, ఇచటి నీటి యెద్దడిని, జొన్నకూటిని ఈసడించుచు చాటువులు చెప్పినాడని ప్రతీతి. ఆ దినములు కొంత మారినవి. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము మన మాచెర్ల ప్రక్కనే నిలిచియున్నది. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచినది మొదలు కుడికాలువ వెంబడి పైరులు పచ్చగిల్లినవి. కాని పొలమునకు వచ్చు నీరు వేరు, కడవలోనికి వచ్చు నీరు వేరు. 2022 ఏప్రిలు 4వ తేదీన నరసరావుపేట కేంద్రముగ పల్నాడు జిల్లా ఏర్పడినది. జిల్లా క్రొత్తది, దాహము పాతది.

మనము బజారులో బియ్యము కొనునప్పుడు గింజ కొరికి చూచెదము. గుడ్డ కొనునప్పుడు నేతను చేతితో తడవి చూచెదము. ఎడ్లను కొనునప్పుడు పండ్లు లెక్కించి, నడక చూచి, సుడులు చూచి మరి బేరమాడెదము. ఇట్టి జాగరూకత గల మనము నీటి విషయమున మాత్రము గ్రుడ్డివారము. నీటిలో కలిసిన ఫ్లోరైడునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కలరా క్రిమి కంటికి కానరాదు. తేటగ నున్న నీరే కాలకూటము కావచ్చును. కావున ఈ ఒక్క విషయమున సామాన్యుడు తన కన్నును, నాలుకను నమ్ముకొని బ్రతుకజాలడు. పరీక్షింపగల సాధనములు, చదువు, జీతము గలవాని మాటపై ఆధారపడవలసినదే. ప్రభుత్వము మనలను నమ్ముమని కోరుచుండుట యటుండ, నమ్మక తప్పని స్థితిలో మన ముంటిమి. నమ్మక తప్పనివానిని మోసగించుట సామాన్య పాపమా?

ఫ్లోరైడు కథ మనకు దూరపుది కాదు. మన పొరుగుననున్న నాటి నెల్లూరు జిల్లాలోని కొన్ని పల్లెలయందు జనుల పండ్లు గారపట్టి, నడుములు బిగిసి, మెడలు తిరుగక బాధపడుచుండిరి. రైతులు మొదట తమ యెడ్లు నడువలేక కుంటుటను గమనించిరని చెప్పుదురు. ఎద్దు నోరులేనిది, అయినను మొదట సాక్ష్యము చెప్పినది అదియే. 1937లో డాక్టరు షార్టును ఆయన సహచరులును ఈ రోగమునకు మూలము త్రాగునీటిలోని ఫ్లోరైడే యని నిర్ధారించి ప్రకటించిరి. భారతదేశమున ఈ వ్యాధిని శాస్త్రీయముగ గుర్తించుట అదియే మొదలు. పిమ్మట నల్లగొండ పేరు ఈ బాధకు పర్యాయపదమైనది. దర్శి, కనిగిరి ప్రాంతములును, మన వినుకొండ దాపునగల బొల్లాపల్లి మెట్టపల్లెలును ఈ బాధ నెరిగినవే.

భూమిలోని రాతి పొరలయందలి ఖనిజములనుండి ఫ్లోరైడు బావినీటిలోనికి దిగును. లీటరు నీటిలో 1 మిల్లీగ్రామునకు మించరాదని భారత ప్రమాణము. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు సహింపవచ్చునని దాని సడలింపు. ఈ విషము ఒక్క దినమున చంపదు. పసితనమున పండ్లను మచ్చపరచును. యేండ్ల తరబడి త్రాగినవాని యెముకలను బిగించును. రోగము బయలుపడునాటికి ఆ నీటిని ఇచ్చిన అధికారి ఎప్పుడో బదిలీయై పోయియుండును. అందుచేత ఇట్టి హానికి లెక్క యడుగువాడును, చెప్పువాడును ఉండరు. రోగమునకు పేరు పెట్టి దశాబ్దము లెన్ని గడచినను, నా ఊరి బోరులో ఫ్లోరైడు ఎంత యని యడిగిన చప్పున అంకె చెప్పగల గృహస్థులు మన సభలో ఎందరు? పరీక్ష జరుగలేదని నే ననుట లేదు. పరీక్ష జరిగినను ఆ అంకె ప్రయోగశాలనుండి కచేరికిని, కచేరినుండి బీరువాలోనికిని పోవుచున్నది గాని, బావి గట్టునకు వచ్చుట అరుదు. ఇదియే నా అభియోగము.

ఫ్లోరైడు మెల్లగ నడచు శత్రువు. అతిసారము పరుగున వచ్చు శత్రువు. 2018 మార్చి మాసమున గుంటూరు నగరములో మురుగునీరు మంచినీటి గొట్టములలో కలిసి అతిసారము ప్రబలెను. పలువురు ప్రాణములు కోల్పోయిరి. 2024 జూలైలో మన పిడుగురాళ్లలో అతిసారము చెలరేగెను. ఆ యేడే అక్టోబరులో దాచేపల్లిలో ఇద్దరు మరణించిరి. బోరునీటిపై అనుమానము తగిలి వాని వాడకమును ఆపించిరి. మంత్రులు వచ్చిరి, వైద్యశిబిరములు వెలసినవి, నీటి నమూనాలు సీసాలకెక్కినవి. వచ్చినందుకు సంతోషమే. కాని సీసా ఎత్తుట శవము లేచిన తరువాతనా? చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట మన సామెత. దానిని పరిపాలనా పద్ధతిగ మార్చుకొనుట తగునా? గొట్టము మురుగుకాలువలో నానుచున్నదని ఆ వీధిలో నీరు పట్టుకొను ప్రతి యిల్లాలికిని తెలిసియే యుండును. ఆమె మాట వినుటకు ఒక చెవి లేకపోయెను. ఆమెకు మాట చెప్పుటకు ఒక నోరు లేకపోయెను.

పలనాటివారు స్వభావముచేతనే అధికారులను నమ్మరని కొందరు ఆక్షేపింతురు. ఆ అపనమ్మకమునకు చరిత్ర కలదు. 1882 నాటి మదరాసు అటవీచట్టము క్రింద అడవుల సంరక్షణమను పేర ఎల్లలు గీచిరి. తరతరములుగ పసులు మేసిన బీడునకు పుల్లరి కట్టుమనిరి. కట్టని పేదవాని పసువులను బందెలదొడ్డికి తోలిరి. 1921లో మాచెర్ల ప్రాంతపు రైతులు పుల్లరి కట్టము పొమ్మనిరి. సర్కారు ఉద్యోగులకు చాకలి, మంగలి పనులు సైతము నిలిపివేసిరి. సంగతి విచారింప వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారిని నిర్బంధించిరి. మించాలపాటి వీరుడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తుపాకులకు బలియయ్యెను.

ఈ కథలో మనము గమనింపవలసినది ఒకటి కలదు. ఆ రైతులు అడవికి శత్రువులు కారు; అడవి లేనిదే వారి మంద లేదు, మంద లేనిదే వారి సేద్యము లేదు. వారి యెల్ల ఎవరు గీచిరి? వారి పుల్లరి ఎవరి కొరకు? ఈ ప్రశ్నలకు సమాధానము రాలేదు, గుండు వచ్చినది. ఆ కాలముననే చీరాల పేరాల ప్రజలపై పురపాలకసంఘమును రుద్ది పన్నులను పెక్కురెట్లు పెంచిరి. పురపాలనమనగా పారిశుద్ధ్యము, వైద్యము, దీపములు. మంచి మాటలే. కాని మాకు వలదని ప్రజలు చెప్పిన మాటకు విలువ లేకపోయెను. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో వేలాదిమంది ఇండ్లు విడిచి రామనగరమను పాకలయూరు కట్టుకొని మాసముల తరబడి ఎండకు వానకు ఓర్చిరి. మేలు చేయుదుమని వచ్చిన అధికారమును ప్రజలెందుకు త్రోసివేసిరి? ఆ మేలును గూర్చి వారి నడుగలేదు గనుక. దాని జమాఖర్చు వారికి చూపలేదు గనుక.

నాడు పరప్రభుత్వము. 1947 ఆగస్టు 15వ తేదీతో అది పోయినది. స్వరాజ్యము వచ్చిన పిమ్మట మనకు మంచి చట్టములు లేకపోలేదు. జలకాలుష్య నివారణ చట్టము 1974లో వచ్చినది. పర్యావరణమును కాపాడుట రాజ్యమునకును, పౌరునకును విధి యని 1976లో రాజ్యాంగమున చేర్చిరి. 1984 భోపాలు ఘోరము తరువాత 1986లో పర్యావరణ సంరక్షణ చట్టమును చేసిరి. కాలుష్యము లేని నీరు, గాలి జీవించు హక్కులో భాగమని సర్వోన్నత న్యాయస్థానము 1991లో తీర్పు చెప్పినది. చట్టములకు కొదువ లేదు. అయినను కచేరి గోడల లోపల పాత దొరల నాటి మర్యాద చావలేదు. దస్త్రము అధికారి సొత్తు, ప్రజలు అర్జీదారులు అను భావము అది. జెండా మారినది, బీరువా తాళము మారలేదు.

దీనికి నిదర్శనము కావలెనన్న విశాఖపట్టణము పోయి చూడుడు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ వాయువు వెలువడి వెంకటాపురము మొదలగు చోట్ల నిద్రించుచున్న జనులను క్రమ్మెను. 12 మంది మరణించిరి. వందలకొలది ఆసుపత్రుల పాలైరి. తమకు సరియైన పర్యావరణ అనుమతి లేదని ఆ సంస్థయే 2019 మే మాసమున ప్రభుత్వ యంత్రాంగమునకు సమర్పించిన ప్రమాణపత్రములో ఒప్పుకొనియుండెను. ఒక సంవత్సరమునకు ముందే కాగితముపై నున్న ఆ సత్యము కర్మాగారపు గోడకు ఆవల నివసించు కుటుంబములకు ఏల చేరలేదు? ప్రమాదవేళ హెచ్చరిక సైరను సైతము మ్రోగలేదని ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘమే తేల్చినది. ఆ సంఘపు నివేదికను బయటపెట్టిరి. అది మెచ్చదగిన పని. కాని మరణానంతరము వెలువడిన నివేదికకంటె మరణమునకు ముందు వ్రేలాడదీసిన ఒక పలక వేయిరెట్లు మేలుగదా!

మన యింటి సంగతియు చూచుకొందము. పిడుగురాళ్ల, దాచేపల్లి ప్రాంతములలో సున్నపురాతిని అనుమతి లేక త్రవ్వుకొనిపోవుచున్న వైనము 2018లో ఉన్నత న్యాయస్థానము విచారణకు వచ్చినది. రాయి సూది కాదు, జేబులో దాచుకొని పోవుటకు. పసులకాపరి పిల్లవానికి కనబడు గొయ్యి కాపుదలకు జీతము పుచ్చుకొనువారి కంటికి కనబడలేదనిన, ఆ మాటను ఎవరు నమ్ముదురు? కంచె చేను మేసిన కాపాడువారెవరు?

అధికారుల పక్షమున ఒక వాదము కలదు. దానిని న్యాయముగ విందము. ‘నీటిలో ఇంత విషమున్నదని పలకపై వ్రాసినచో జనులు బెదరుదురు, వదంతులు పుట్టును, ప్రత్యామ్నాయము లేనప్పుడు చెప్పి ప్రయోజనమేమి’ అని వారందురు. ఇది దుర్బుద్ధితో చెప్పు మాట యని నే ననను. కాని ఇది అనుభవమునకు నిలువని మాట. వదంతి యెక్కడ పుట్టును? నిజము చెప్పువాడు నోరు మూసికొన్నచోట పుట్టును. చీకటి గదిలో త్రాడు పామగును. దీపము తెచ్చిన త్రాడు త్రాడే.

ధనిక దేశములలోను ఇట్లే జరిగినది. అమెరికాలోని మిచిగను రాష్ట్రమున ఫ్లింటు అను నగరము కలదు. వ్యయము తగ్గించుటకని 2014 ఏప్రిలులో ఆ నగరపు త్రాగునీటిని ఫ్లింటు నదికి మార్చిరి. నీటిని సరిగ శుద్ధి చేయనందున పాత గొట్టములలోని సీసము కరిగి నీటిలో కలిసెను. నీరు రంగు మారినదని, ఒడలు దద్దురులెక్కినవని తల్లులు మొరపెట్టుకొనిరి. నీరు నిర్దోషమని అధికారులు పదేపదే ప్రకటించిరి. ఆ యేడే అక్టోబరులో అచటి మోటారు కర్మాగారము, ఈ నీటితో మా యంత్రభాగములు తుప్పుపట్టుచున్నవని చెప్పి వేరు నీటికి మారెను. ఇనుమునకు పనికిరాని నీరు శిశువులకు పనికివచ్చినదట! 2015లో మోనా హన్నా అతీషా అను శిశువైద్యురాలు పసిబిడ్డల రక్తమున సీసము పెరిగినదని లెక్కలతో చూపిన పిమ్మట, ఆ యేటి అక్టోబరులో నీటిని తిరిగి మార్చిరి. తరువాత నీరు బాగుపడినదని చెప్పినను ఆ నగరవాసులు కొళాయివంక అనుమానముతోనే చూచిరి. గొట్టములు మార్చుట కష్టము. విరిగిన నమ్మకమును అతుకుట అంతకంటె కష్టము.

ఇక రెండవవైపు చూడుడు. ప్రభుత్వమును ఎన్నడును నమ్మరాదని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పిన ప్రజలకు ద్రోహము చేసినవాడనగుదును. మన రాయలసీమ పల్లెలలో నారికురుపు అను బాధ యుండెడిది. దిగుడుబావులలోని నీరు త్రాగినవాని శరీరమున పురుగు పెరిగి, కాలినుండి మూర పొడవున వెలికి వచ్చెడిది. మందు లేదు, టీకా లేదు. దాని నిర్మూలన కార్యక్రమము 1980 దశకమున మొదలైనది. కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి రోగులను వెదకిరి, నీటిని గుడ్డతో వడగట్టుట నేర్పిరి, దిగుడుబావుల మెట్లు మూయించి చేదబావులుగ మార్పించిరి, చేతిపంపులు వేయించిరి. 1996 తరువాత దేశమున ఒక్క రోగియు కానరాలేదు. 2000 సంవత్సరమున భారతదేశము ఆ రోగమునుండి విముక్తమైనదని ప్రకటించిరి. మశూచి పోయినది. పోలియో చివరి రోగి 2011 జనవరిలో కనబడెను. 2014 మార్చిలో మనము పోలియోరహితులమైతిమి. ఈ విజయములన్నియు ప్రభుత్వోద్యోగులు సాధించినవే. వానిలో మందుపెట్టె భుజాన వేసికొని ఎండలో నడచిన సామాన్య స్త్రీల శ్రమ ఎక్కువ పాలు.

ఈ పనులయందు ప్రజలేల సహకరించిరి? అధికారి గుమ్మమునకు వచ్చెను. చేయునది కన్నులయెదుట చేసెను. ఇంటి గోడపై తేదీ వ్రాసిపోయెను. మరల వచ్చి చూచెను. ఫలితము ఊరిలో కనబడెను. ఇంతకంటె మంత్రమేమియు లేదు. విశ్వాసమనునది భక్తివలె గర్భాలయమున పుట్టునది కాదు. అంగడిలో పద్దువలె దినదినము వ్రాసి, చూపి, సరిచూచుకొనగా పుట్టునది. లెక్క చూపువానిని కోమటియైనను, కాపైనను, కూలివాడైనను నమ్మును. లెక్క దాచువాడు దేవుని మీద ఒట్టు పెట్టినను నమ్మడు.

మహాజనులారా! అధికారుల తప్పులు చెప్పితిని గనుక ఇక మన తప్పు చెప్పవలెను. అపనమ్మకము రెండు విధములు. ఒకటి నిలుచుండి అడుగు అపనమ్మకము. మరియొకటి తప్పుకొని పోవు అపనమ్మకము. పుల్లరి కట్టమన్న రైతుది మొదటిది. పట్టణవాసులమైన మనది రెండవది. పురపాలకపు కొళాయి నీటిపై నమ్మకము పోయినప్పుడు మనమేమి చేసితిమి? కార్యాలయమునకు పోయి అడిగితిమా? లేదు. ఇరువది లీటర్ల నీటిడబ్బాను ఇంటికి తెప్పించుకొంటిమి. ప్రభుత్వము సైతము 2014 అక్టోబరు 2వ తేదీన డబ్బానీటి పథకమును ఆరంభించి, 2 రూపాయలకు ఇరువది లీటర్లని ప్రకటించెను. పేదలకది కొంత ఊరటయే కావచ్చును. కాని కొళాయి నీరు త్రాగదగినది కాదని అందరును ఒప్పుకొన్నట్లే అయినది గదా!

ఈ డబ్బా నీటిని పరీక్షించువారెవరు? ఆ ముద్ర ఎవరిది? మనకు తెలియదు. కొళాయిని నమ్మక డబ్బాను నమ్మితిమి. చెఱువు విడిచి మడుగులో పడితిమి. అంతకంటె పెద్ద అపకారము మరియొకటి జరిగినది. వకీళ్లు, ఉపాధ్యాయులు, వర్తకులు, అర్జీ వ్రాయగలవారు, నిలదీయగలవారు అందరును కొళాయి విడిచిపోయిరి. కొళాయి దగ్గర మిగిలినవారు ఎవరు? అతిసారము వచ్చునది ఏ పేటలకు? అడుగు నేర్పు గలవారికి అక్కర లేదు. అక్కర గలవారికి అడుగు నేర్పు లేదు. బావి అందరిది కానప్పుడు దాని కాపుదల ఎవరిదియు కాదు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టినాడని మాచెర్లలో నేటికిని గర్వముతో చెప్పుకొందుము. ఒకే చాపపై కూడు తిన్నవారి సంతతి ఒకే కొళాయి నీరు త్రాగుటకు వెనుదీయవలెనా?

కావున చేయవలసినదేమి? నేను కోరునవి ఆకాశపుష్పములు కావు. చట్టములో నున్నవే.

మొదటిది, నీటిపలక. ప్రతి పంచాయతీ కార్యాలయము ముందు, ప్రతి పట్టణపు వార్డులో, ప్రతి నీటిట్యాంకు క్రింద ఒక నల్లబల్ల యుండవలెను. ఆ నీటిని ఏ తేదీన పరీక్షించిరి, ఫ్లోరైడు ఎంత, మురుగుక్రిమి ఉన్నదా లేదా, కొళాయి చివర క్లోరిను ఎంత మిగిలినది అను నాలుగు మాటలు తెలుగులో, పెద్ద అక్షరములతో వ్రాయవలెను. క్లోరిను లీటరునకు 0.2 మిల్లీగ్రామునకు తగ్గరాదని ప్రమాణము. దీనికి ఖజానా తలుపులు తెరువనక్కరలేదు, సుద్దముక్క చాలును. జలజీవన పథకము క్రింద ప్రతి గ్రామమున ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనని నియమము కలదు. ఆ ఐదుగురెవరో మన గ్రామమున విచారింపుడు. పరీక్షపెట్టె ఎవరి యింట నున్నదో, మూత తీసిరో లేదో చూడుడు. నీరు మోయునది స్త్రీ. రోగికి ఊడిగము చేయునది స్త్రీ. నీటిని గూర్చి మొదట మాట చెప్పు అధికారము ఆమెకే తగును.

రెండవది, అడుగు హక్కు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద 30 దినములలో జవాబియ్యవలెను. ప్రాణమునకు సంబంధించినదైన 48 గంటలలో ఇయ్యవలెను. అడుగకముందే కొన్ని సంగతులు వెల్లడింపవలసిన బాధ్యతయు ఆ చట్టమే అధికారులపై పెట్టినది. నీటి నివేదిక కొరకు పఠనమందిరముల పక్షమున ఆరు మాసముల కొకసారి అర్జీ పెట్టుదము. వచ్చిన జవాబును పత్రికల ప్రక్కన ఈ బల్లపైననే ఉంచుదము. యుద్ధవార్తలు చదువుటకు వచ్చువాడు తన వీధి నీటి వార్తను కూడ చదువుకొని పోవును.

మూడవది, బహిరంగ విచారణ. గనిగాని, సిమెంటు కర్మాగారముగాని పెట్టునప్పుడు 2006 నాటి ప్రకటన ప్రకారము ప్రజల యెదుట విచారణ జరుపవలెను. 30 దినములకు ముందు పత్రికలలో తెలుపవలెను. సంగ్రహమును ప్రాంతీయభాషలో అందుబాటున నుంచవలెను. మనకు కృష్ణకు ఆవలి యొడ్డున, సాగరజలమునకు చేరువనే, లంబాపురము పెద్దగట్టులో యురేనియము గని త్రవ్వుటకు 2003 ఆగస్టులో జరిగిన విచారణలో ప్రజలు తీవ్రముగ ప్రతిఘటించిరి. ఆ నీరు త్రాగునది ఆ యొడ్డువారు మాత్రమేనా? మన యొడ్డున విచారణ జరుగునాడు మన మెందరము పోవుచున్నాము? కాళీ కుర్చీలను చూచి ప్రజల కభ్యంతరము లేదని వ్రాసికొనిపోయినచో తప్పు వ్రాసినవానిదా, రానివానిదా?

నాల్గవది, మన చేతిలోని పని. మురుగుకాలువలో చెత్త పోయువారము మనమే. గొట్టమునకు అక్రమముగ మోటారు బిగించి నీరు లాగువారము మనమే. ఆ లాగుడునకే పగులు గొట్టములలోనికి మురుగు జొరబడును. సున్నపుబట్టీ పొగకు మూలధనము పెట్టినవారును మన బంధువులే. నీటిపన్ను ఎగవేసి నిర్మలజలమును కోరుట ధర్మము కాదు. అధికారిని లెక్క అడుగువాడు తన లెక్క సరిగ నుంచుకొనవలెను.

అధికారుల కష్టములు నేనెరుగనివి కావు. ఒక్క కార్యదర్శికి పది రిజిస్టర్లు, పరీక్షశాలలు దూరము, బ్లీచింగు పొడికి బిల్లు పెట్టిన సొమ్ము రాదు, నిజము వ్రాసినవానికి పైనుండి చీవాట్లు. ఇట్టి స్థితిలో నిజాయితీపరుడైన ఉద్యోగికి ప్రజల కన్ను శత్రువు కాదు, రక్షకవచము. నీటిపలకపై అంకె ఒకసారి ఎక్కినచో, దానిని తుడిపించుట పైవానికైనను సులువు కాదు. ఊరు చూచినదానిని ఎవరు దాచగలరు?

కావున మొదట అడిగిన ప్రశ్నలకు నా సమాధానము ఇది. ప్రజలు నమ్ముట లేదు. ఆ దోషము లెక్క దాచినవారిది అధికము, లెక్క అడుగనివారిది కొంత. ఇక దేనిని చూచి నమ్మవలెననగా, నవ్వుమొగమును చూచి కాదు, శిలాఫలకమును చూచి కాదు, ప్రకటనపత్రమును చూచి కాదు. తేదీతో, అంకెతో, వ్రాసినవాని సంతకముతో బహిరంగముగ నుంచిన లెక్కను చూచి నమ్మవలెను. లెక్క చూపిన అధికారిని నెత్తిన పెట్టుకొందము. చూపనివానిని మర్యాదతో, కాని విడువక, మరల మరల అడుగుదము. వచ్చు గ్రామసభలోనే, వచ్చు పురపాలక సమావేశములోనే మన వీధి నీటిలో ఏమున్నదను ప్రశ్నను మీలో ప్రతియొక్కరును లేచి అడుగుడు. సమాధానము పలకపై వ్రాయువరకు కూర్చుండకుడు. ఇదే నా ప్రార్థన.